పన్నెండుంబావు గొడవలు

2023 జూలై మొదట్లో ఒక నాలుగో తరగతి పిల్లవాణ్ని చింత బరిగెతో కొట్టాను. పక్క పిల్ల పలకను కాలితో తన్నాడని. పిక్కల మీద రెండు దెబ్బలు. అప్పటికి నాకది పెద్ద సంగతనిపించలేదు. ఆ బరిగె నేను తెచ్చుకున్నది కూడా కాదు. పిల్లలే పోటీపడి విరిచి, ఆకులు దూసి, నున్నగా చేసి నా టేబుల్ మీద పెట్టేవాళ్లు. తెచ్చినవాడికి ఆ రోజంతా దెబ్బలు పడవని వాళ్లలో ఒక నమ్మకం.

మర్నాడు ప్రార్థన కాకముందే వాడి నాయనమ్మ వచ్చింది. పంచాయితీకి వచ్చిందనుకుని మనసులో జవాబులు పేర్చుకున్నాను. ఆమె గడప బయటే చెప్పులు విడిచి, "సారూ, కండ్లు ఉంచి తోలు ఒలువుండ్రి. అమ్మ అయ్య దగ్గర లేకపాయె. నా మాటైతే ఇంటనే ఇంటలేడు" అంది. కూలికి ఆలస్యమైతుందని అంతే వేగంగా వెళ్లిపోయింది. వాడు కిటికీ ఊచలు పట్టుకుని ఇదంతా వింటున్నాడు.

ఆమె నన్ను తిట్టి ఉంటే ఆ రోజు హాయిగా గడిచిపోయేది.

నేను 2012 డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా, వచ్చినవాణ్ని. పిల్లలను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అనే విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ 2010 ఏప్రిల్ 1 నుంచే అమల్లో ఉంది. అంటే సర్వీసులో ఆ చట్టం నాకంటే సీనియర్. ట్రైనింగుల్లో విన్నాను, పరీక్షలకు చదివాను. అయినా బరిగె టేబుల్ మీదే ఉంది. ఎందుకుందంటే, నన్ను చదివించిన సార్ల టేబుల్ మీద కూడా ఉండేది కాబట్టి. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

మాది పరకాల వైపు ఒక పల్లె బడి. 43 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరం టీచర్లం. హెచ్చెం మేడం ఒకటి, రెండు తరగతులు చూస్తారు. మూడు, నాలుగు, ఐదు నావి, ఒకే గదిలో. నేను హనుమకొండ నుంచి బస్సులో వచ్చిపోతాను.

నాయనమ్మ వచ్చిన రోజు సాయంత్రం నా బాధ చెప్పుకుంటే హెచ్చెం మేడం సానుభూతి చూపలేదు. "సార్, ఏమనుకోకుండ్రి గనీ, పన్నెండు దాటితే మీకు కోపమొస్తది. నేను రోజూ చూస్తున్న గదా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. పిల్లలు చేసే గొడవకు నా గడియారానికి సంబంధమేంది? ఆమె మాట తప్పని తేల్చడానికే ఒక లాంగ్ నోటుబుక్కు తీసి నాలుగు గడులు గీశాను. టైము, జాగ, దానికి ముందు ఏమైంది, దాని తర్వాత ఆ పిల్లవానికి ఏం దొరికింది. నాలుగో గడి నా తెలివి కాదు, ఎప్పుడో ట్రైనింగులో ఒకాయన బోర్డు మీద గీసింది గుర్తుంది. గొడవ చేసినవాడి పేరు కావాలనే రాయలేదు. పేర్లు రాస్తే నాకు ముందే తెలిసిన నలుగురి పేర్లే వస్తాయి.

జూలై చివర్లో పెద్ద వానలకు బడులు మూతపడ్డాయి. తెరిచాక ఆగస్టులో మూడు వారాలు రాశాను. 52 గొడవలు. గిల్లుకోవడం, గుంజుకోవడం, తోసుకోవడం, బూతులు, ఒకసారి తల పగలడం. అందులో 31 పన్నెండు గంటలకూ అన్నం గంటకూ మధ్యలోవే. ముఖ్యంగా పన్నెండుంబావు. నల్లా దగ్గర, లేకపోతే పళ్లాల గంప దగ్గర.

మేడంకు నోటుబుక్కు చూపించడానికి రెండు రోజులు పట్టింది నాకు.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఆ అరగంటను విప్పి చూశాం. మా పిల్లల్లో సగం మంది పొద్దున ఏమీ తినకుండా వస్తారు. పెద్దవాళ్లు ఏడు గంటలకే పత్తి చేన్లకు పోతారు. రాత్రి అన్నం మిగిలితే తింటారు, లేకపోతే లేదు. రాగి జావ పోసిన రోజుల్లో నా నోటుబుక్కులో గీతలు తక్కువ. పదకొండున్నరకు వంటగదిలో పప్పు పోపు వాసన మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే నేను భాగహారాలు మొదలుపెడతాను. పన్నెండుంబావుకు 43 మంది ఒక్క నల్లా మీద పడతారు. చివరోనికి అన్నం అందదన్న భయం. అసలు ఎన్నడూ తక్కువ పడలేదు, కానీ ఇంట్లో తక్కువ పడడం చూసినవాడికి బడి మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? ఇక నేనూ ఏడున్నరకు హనుమకొండలో చాయ్ తాగి బస్సెక్కినవాణ్నే. నాకూ ఆకలే. మేడం ఆ మాట మళ్లీ అనలేదు, నా ముందు ఒక బిస్కెట్ పుడ పెట్టారు.

మార్పులు చిన్నవే. లెక్కలను పొద్దుటికి జరిపి, పన్నెండుకు కథ, బొమ్మలు పెట్టుకున్నాను. చిన్న తరగతులను పావుగంట ముందు చేతులు కడుక్కోవడానికి పంపాం. నల్లా ఒక్కటే అయినా రెండు బకెట్లు, రెండు మగ్గులు పెట్టి ఐదో తరగతి పిల్లలను నీళ్లు పోయమన్నాం. కరోనా కాలంలో సున్నంతో గీసిన గుండ్రాలు వరండాలో వెలిసిపోయి ఉన్నాయి, వాటినే మళ్లీ దిద్దాం.

గుడ్డు పెట్టే రోజు సంగతి వేరు. ఆ రోజు ఎన్ని గుండ్రాలు గీసినా తోపులాటే. దాన్ని సరిచేసింది నేనూ కాదు, మేడమూ కాదు. వండే అక్క. ఒకరోజు గంటె తలె మీద కొట్టి గట్టిగా చెప్పింది. "ఇనుండ్రి! గుడ్లు నలభై మూడున్నయ్. మీరు ఇయ్యాల ముప్పై తొమ్మిది మందే వచ్చిన్రు. ఇగ ఎవలు ఉరుకుతరో ఉరుకుండ్రి!" లైను అక్కడికక్కడ సల్లబడింది. అప్పటి నుంచి గుడ్డు పెట్టే రోజు ముందుగా గుడ్ల లెక్క చెప్పడం మా బడిలో ఆనవాయితీ. ఇదే ముక్కను ఎవరైనా పెద్దసారు ట్రైనింగులో చెప్పి ఉంటే నేను ఆవలించేవాణ్ని.

దసరా సెలవుల నాటికి పన్నెండుంబావు గొడవలు వారానికి రెండు మూడుకు దిగాయి. పోనివి మిగిలాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ దెబ్బలు తిన్న పిల్లవానివే. పేరెందుకు, చిన్నోడు అందాం.

చిన్నోని అమ్మా నాయనా సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తారు. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి నేత కుటుంబాలు సూరత్‌కూ భీవండికీ పోవడం మా దగ్గర పాత ముచ్చటే. వాని గొడవలకు ఆకలితో సంబంధం లేదు, అవి లెక్కలతో పాటే పొద్దుటికి మారాయి. నోటుబుక్కులో నాలుగో గడి చూసుకుంటే నాకు సిగ్గేసింది. ప్రతిసారీ ఒకే మాట రాసి ఉంది: "బయటికి పంపిన". వాడికి దొరికింది అది. వేపచెట్టు నీడ, వరండా కింద కుక్క, లెక్కల నుంచి విడుదల. నేను శిక్ష అనుకున్నది వాడు గెలుచుకున్న బహుమతి. పలక తన్నిన రోజు కూడా బోర్డు మీద భాగహారమే ఉంది.

పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చూస్తే, 42లోంచి 17 తియ్యడం వాడికి రాదు. పక్క ఇంటి నుంచి ఒకటి తెచ్చుకోవడం దగ్గరే ఆగిపోయాడు. అలాంటివాడి ముందు నేను రోజూ భాగహారం పెడుతున్నాను. చదవడం, రాయడం, లెక్కలు మొదటి నుంచి గట్టిపరిచే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు మొదలైనప్పటి నుంచి పిల్లలను స్థాయిని బట్టి చూడమని చెబుతూనే ఉన్నారు. రిజిస్టర్‌లో స్థాయిలు నేను నింపాను కూడా. నింపడం వేరు, చూడడం వేరు.

వానితో ఒక ఒప్పందం చేసుకున్నాను. రోజూ వానికి వచ్చే లెక్కలు మూడు, కొంచెం కష్టమైనవి రెండు. పీరియడ్ మధ్యలో రెండుసార్లు, నన్ను అడగకుండా, లేచి నీళ్లు తాగి రావచ్చు. తన్నినా, గిచ్చినా బయటికి మాత్రం పంపను. నా పక్కనే కూర్చుంటాడు, ఆ లెక్క మిగతావాళ్లు పోయాకైనా నాతో కలిసి చేస్తాడు.

వెంటనే దారికొచ్చాడని రాస్తే అబద్ధం. మొదటి పది రోజులు ఇంతకు ముందుకంటే ఘోరం. ఇన్నాళ్లూ పనిచేసిన తాళంచెవి ఒక్కసారిగా తిరగకపోతే మనమూ ఇంకా గట్టిగా తిప్పుతాం కదా. నా పెన్ను విరిచాడు. "మీరు గూడ సూరత్ పోండ్రి" అన్నాడు ఒకసారి. తొమ్మిదో రోజు నల్లా మీద రాయి వేసి పగలగొట్టాడు. ఆ రోజు నా చెయ్యి బరిగె కోసం టేబుల్ మీద వెతికింది. లేదు. మేడం అంతకు ముందు వారమే తీసి పొయ్యిలో పెట్టించారట. నా గొప్పతనమేం లేదు అందులో.

పగిలిన నల్లాకు ఏం చెయ్యాలో వాణ్నే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మిస్త్రీ వచ్చినప్పుడు పానా పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, మధ్యాహ్నమంతా బకెట్లతో బోరింగు నుంచి నీళ్లు మోశాడు. పదిహేనో రోజో పదహారో రోజో, తేదీ రాసుకోలేదు, ఐదు లెక్కలూ చేసి పలక నా ముందు పెట్టి చప్పుడు చేయకుండా నిలబడ్డాడు.

ఇక్కడ నా మెప్పు సంగతి చెప్పాలి. మేడం ఒకసారి నా క్లాసు వెనక కూర్చుని ఒక పీరియడ్‌లో నేను తిట్టినవి, మెచ్చినవి గీతలు గీశారు. తిట్లు, గద్దింపులు 27. మెప్పులు మూడు, మూడూ "గుడ్". మా వైపు పిల్లలను మొహం మీద పొగిడితే చెడిపోతారనే పట్టింపు ఉంది, కొంతమందికైతే దిష్టి భయం కూడా. నాకు నోరు తిరగలేదు. గుడ్, వెరీగుడ్ అనడం సులువు, కానీ దేనికన్నానో పిల్లవానికి తెలియదు. "రబ్బర్ గుంజుకోకుండ అడిగి తీసుకున్నవ్, చూసిన" అనడం నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. చెప్పడం కష్టం కాదు, ఆ క్షణాన్ని పట్టుకోవడం కష్టం. గొడవ దానంతటదే కనబడుతుంది. గొడవ జరగకపోవడాన్ని వెతికి చూడాలి.

నియమాలు పిల్లలతోనే పెట్టిద్దామనుకున్న రోజు మస్తు నవ్వులు. గొడవ చేసినవాణ్ని ఏం చెయ్యాలె అని అడిగితే ఒకడు గోడకుర్చీ అన్నాడు, ఇంకొకడు యాభై గుంజీలు. మూడో తరగతి పిల్ల ఒకతె లేచి, "టీసీ ఇచ్చి పంపాలె సార్" అంది. మనం ఏం పెట్టామో అదే తిరిగి వస్తుంది. శిక్షలు పక్కన పెట్టి, గొడవ కాకుండా ఏం చెయ్యొచ్చు అని అడిగాను. మూడు రోజుల బేరాల తర్వాత వాళ్ల మాటల్లోనే మూడు తేలాయి. అడిగి తీసుకుంట. నా వంతు దాకా ఆగుత. కోపమొస్తే చెప్త. సుద్దతో గోడ మీద రాశారు. రాసినంత మాత్రాన ఏమీ కాలేదు. డ్యాన్స్ నేర్పినట్టు ప్రతి సోమవారం లైనులో ఆగడం, అడగడం చేయించి చూపించాల్సి వచ్చింది.

స్టార్ల చార్టు కూడా పెట్టాను. అది నేను చేసిన తప్పు. మంచి పనికి ఒక స్టారు. రెండు వారాల్లో ముందున్న ఐదుగురు ముందే ఉన్నారు, అడుగునున్న ముగ్గురు చార్టు వైపు చూడడం మానేశారు. ఒకరు ఇంకొకరి స్టారు పీకి తనకు అతికించుకోవడం, దాని మీద మళ్లీ కొట్లాట. చింపేశాను. దాని బదులు ఒక గాజు సీసా పెట్టాం. ఎవరు మంచి పని చేసినా అందరి సీసాలో ఒక చింతగింజ. సీసా నిండితే అరగంట కబడ్డీ. చిన్నోడు గింజ వేసిన రోజు మిగతావాళ్లు కేకలు వేశారు, వాడు వాళ్ల ఆట సమయం పెంచాడు మరి.

చింతగింజలతోనే ఇంకో పని మొదలైంది. పొద్దున హాజరుకు ముందు మూడు డబ్బాలు. ఒకదాని మీద ఎండ, ఒకదాని మీద మబ్బు, ఒకదాని మీద వాన బొమ్మ. ఇయ్యాల మనసు ఎట్లుందో చూసుకుని ఒక గింజ వెయ్యాలి. ఎవరేది వేశారో చూడను. నోటితో అడిగితే అందరూ "మంచిగున్న సార్" అనే అంటారు. డబ్బాలు అట్లా అనవు. వానలో గింజలు ఆరేడు పడిన రోజు నేను కొత్త పాఠం ఎత్తుకోను.

మబ్బు పట్టినప్పుడల్లా కడుపునొప్పి అని ఇంటికి పోతానని ఏడ్చే ఐదో తరగతి పిల్ల ఒకతె ఉంది. సాకు అనుకుని రెండుసార్లు కసిరాను. డబ్బాలు పెట్టిన వారం తనే వచ్చి చెప్పింది, వాన డబ్బాలో రోజూ పడే గింజ తనదని. జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి వైపు ఊరు మునిగినప్పుడు అమ్మమ్మ ఇంట్లో ఉందట. స్లాబు మీద నిలబడి పొద్దంతా నీళ్లు చూసిందట. ఇది నా చేతిలో పని కాదనిపించింది. సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. ఆ రోజు గురించి గుచ్చి గుచ్చి అడగవద్దనీ, భయం వచ్చినప్పుడు పక్కన ఒకరు ఉండేటట్టు చూడమనీ, చేతికి ఏదో ఒక పని ఇవ్వమనీ నాకు అర్థమైంది. వాళ్ల అమ్మను పిలిచి మాట్లాడాను, నంబరు ఆమెకూ ఇచ్చాను. ఇప్పుడు మబ్బు పట్టగానే వరండాలోని చాపలు, పుస్తకాలు లోపల పెట్టించే బాధ్యత ఆ పిల్లది. ఇంకా భయపడుతుంది. కానీ ఇంటికి పోతాననడం తగ్గింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా గోడ మీద పెద్దగా రాయించాం, పిల్లలకు అందే ఎత్తులో.

ఇంకొకడు మూడో తరగతి. పిలిస్తే పలకడు, మాట వినడు. నా లెక్కలో మొండి. పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు బృందం, ఆర్‌బీఎస్‌కే వాళ్లు బడికి వచ్చి చూసినప్పుడు తేలింది, ఎడమ చెవిలో చీము. నిజంగానే వినడు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పంపాం, ముందు బెంచీకి మార్చాం. నేను వాణ్ని ఎన్నిసార్లు గద్దించి ఉంటానో రాయను.

చిన్నోని నాయనకు నవంబరులో ఫోన్ చేశాను. వెనక మగ్గాల చప్పుడు. నా పేరు చెప్పగానే, "ఏం చేసిండు సార్ వాడు?" అన్నాడు. గొంతు అప్పటికే వణుకుతోంది. "ఏం చెయ్యలే. తీసివేతలు మొత్తం చేసిండు, ఐదుకు ఐదు. చెప్దామని చేసిన" అన్నాను. మగ్గాల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. లైను కట్టయిందనుకున్నాను. చాలాసేపటికి, "బడి నుంచి ఫోన్ వస్తే భయమయితది సార్" అన్నాడు. నేను ఆ రోజు నుంచి వారానికి ఇద్దరి ఇళ్లకు ఇలాంటి ఫోను చేస్తున్నాను. మొదటి మాట అందరూ ఒకటే అడుగుతారు.

చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఇదంతా చెబితే ఒక సారు నవ్వాడు. "మీకు నలభై మందే గదా, మాకైతే గిది నడవది." నిజమే కొంత. అరవై మందికి ఒక్కడే టీచరున్న చోట నోటుబుక్కులో గడులు నింపమనడం నాకూ నోరు రాదు. కానీ బరిగెతో ఆ అరవై మంది కుదురుగా ఉన్నారా అని అడగాలనిపించింది. అడగలేదు, అన్నం గంట అయింది.

ఎన్నికలప్పుడు మా బడి పోలింగ్ స్టేషన్. నవంబరు 30 తర్వాత వచ్చి చూస్తే గోడ మీది నియమాల మీద ఎవరో కాగితాలు అతికించారు. పీకితే సున్నం పెచ్చుతో పాటు "కోపమొస్తే చెప్త" ఊడి వచ్చింది. పిల్లలు మళ్లీ రాశారు, ఈసారి ఇంకా వంకరగా. ఫిబ్రవరిలో మేడారం జాతర. 2024 ఫిబ్రవరి 21 నుంచి నాలుగు రోజులైనా, మా బడి వారం రోజులు ఖాళీ. తిరిగి వచ్చాక అన్నీ మొదటికొచ్చాయి. లైను లేదు, వంతు లేదు, నిద్రలేని మొహాలు. చిన్నోడు నాకోసం కాగితంలో బంగారం తెచ్చాడు, జాతర బెల్లాన్ని మా దగ్గర అట్లాగే అంటారు, చీమలు పట్టిన ముక్క. మధ్యాహ్నం అదే చిన్నోడు ఒకణ్ని బురదలో తోశాడు. గుండ్రాలు, డబ్బాలు, సోమవారం సాధన అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయించాం. పదిరోజుల్లో కుదురుకున్నారు, మొదటిసారి రెండు నెలలు పట్టింది.

మార్చిలో ఒంటిపూట బడులు వచ్చేదాకా నోటుబుక్కు నడిచింది. చివరి మూడు వారాలకు 14 గొడవలు. నాయనమ్మ ఒకసారి మిరపకాయలు ఏరడానికి పోతూ బడి ముందు ఆగింది. "ఏం జేస్తున్నవ్ సారూ మావోన్ని, కొడ్తలేవట గదా" అంది. మెచ్చుకుందో నింద వేసిందో ఇప్పటికీ తెలియదు. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు.

2024 జూన్ 12న బడి తెరిచాక కొత్తగా ఏడుగురు చేరారు. పన్నెండుంబావు ప్రశాంతంగానే ఉంది. గొడవలు సాయంత్రం బడి వదిలే ముందు పది నిమిషాలకు మారాయి, గేటు దగ్గర, సైకిళ్లు పెట్టే చోట. ఆకలి కాదు, లెక్కలు కాదు. ఇంటికి పోవడం ఇష్టం లేనివాళ్లా, నాకింకా అంతు చిక్కలేదు. కొత్త నోటుబుక్కు కొని నాలుగు గడులు గీశాను. చిన్నోడు స్కేలు పట్టుకున్నాడు.